సబ్బుతో ఉతికిన సర్వీసు పుస్తకం

హైమావతికి నలభై నాలుగేళ్ళు. ఏ పని చేసినా చేతులు కడుక్కోకముందే సిరా పెన్నుతో రాసిపెట్టుకోవడం ఆమె అలవాటు.

తణుకులో ఓ స్పేర్ పార్టుల కొట్లో కౌంటరు చూస్తుంది. ఇంటి దగ్గర, పిన్ని ఆమె పేర రాసి పోయిన ఎర్ర కారుంది. రెండే తలుపులు, పాతికేళ్ళ వయసు. ఇప్పటికీ కాలు ఆనిస్తే చాలు, కాలవగట్టు మీది కొబ్బరిచెట్లు హడిలిపోతాయి. పన్నెండేళ్ళుగా దాని ఆయిలూ బెల్టూ బ్రేకులూ అన్నీ హైమావతి చేతి మీదే. ఆమె రాసిపెట్టే సర్వీసు పుస్తకంలో ప్రతి పేజీకీ ఓ తేదీ, కిలోమీటర్లు, మార్చిన సామాను పేరు, మూల మీద ఓ నల్లటి వేలిముద్ర.

ఇహ ఆ ఇంట్లో మగవాళ్ళు ముగ్గురు. భర్త భాస్కర్రావు, మరుదులు అబ్బులు, గంగరాజు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న ఆస్తి తెలివి. అందుకే ఇన్నాళ్ళూ పంపకాల గొడవ రాలేదు.

"ఈ వీధి మొత్తానికి బుర్రున్న కొంప మనదొక్కటేరా" అనేవాడు భాస్కర్రావు, అరుగు మీద కూర్చుని.

"పక్క వీధిలో మాత్రం ఉందేంటన్నయ్యా?" అనేవాడు అబ్బులు.

గంగరాజు ఏమీ అనేవాడు కాదు. నోరు మూసుకోవడం తెలివైనవాడి లక్షణమని ఎవరో చెబితే, అప్పట్నుంచీ భోజనాల వేళ తప్ప నోరు తెరవడం మానేశాడు.

బైపాస్ పక్కన ఓ షెడ్డు అద్దెకొచ్చింది. సొంతంగా కార్ల సర్వీసు పెట్టుకోవాలని హైమావతికి ఏళ్ళ నాటి కోరిక. శుక్రవారం సాయంత్రంలోగా అడ్వాన్సు కట్టకపోతే షెడ్డు ఎరువుల గోడౌనుకి పోతుంది. ఆమెకంటూ ఉన్నది కారొక్కటే. అమ్ముతానని ప్రకటన వేయించింది. ఫోను నంబరు మాత్రం భాస్కర్రావు తనదిచ్చాడు.

"ఆడదాని నంబరు వేస్తే కారు గురించి ఎవడడుగుతాడే?"

సోమవారం హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. చేసింది ఆడమనిషే. డాక్టర్ నస్రీన్. పాత స్పీడు కార్లంటే ఆవిడకి ప్రాణం.

"ఇలాంటి కారుకి రంగూ మెరుపూ ఆఖర్న చూస్తానండి. ఎవరెవరు ఎలా ఉరికించారో ఇంజను పైకి చెప్పదు కదా. ఎప్పుడెప్పుడు సర్వీసు చేశారో రాసి ఉంటే మంచి ధర ఇస్తాను. లేకపోతే తుక్కు ధరే. కారు విలువలో సగం ఆ పుస్తకంలోనే ఉంటుంది. శుక్రవారం పొద్దున్నే వస్తాను, భద్రంగా ఉంచండి."

అంతే. అన్నదమ్ములు ముగ్గురూ సభ తీర్చారు.

సాయంత్రం హైమావతి వానలో ఇంటికొచ్చేసరికి కారు మీద కవరు లేదు. డ్రైవరు వైపు అద్దం దించే ఉంది. సీటు చెరువైంది. లోపల బీరువా మీద అదే కవరు పుస్తకం చుట్టూ ఎనిమిది మడతలేసి కూర్చుంది. దాని పక్కన గొడుగు పట్టుకుని గంగరాజు.

"కారు తడిసిపోతోంటే ఇదేం పనండీ?"

"సగమేగా తడుస్తోంది!" అన్నాడు భాస్కర్రావు. "పుస్తకంలో ఉన్న సగం పొడిగా ఉంది. చూసుకో."

రాత్రి వంట మాని ఆమె సీటు ఆరబెట్టింది.

మంగళవారం డాక్టరమ్మ మళ్ళీ చేసి, పుస్తకంలో తేదీలు చదవమంది. భాస్కర్రావు చదివాడు. "మధ్యలో రెండేళ్ళు ఖాళీ ఉందేంటండీ? నాలుగు సర్వీసులు లేవు" అందావిడ.

ఆ రెండేళ్ళు అత్తగారు మంచాన పడింది. ముగ్గురు కొడుకులున్న తల్లికి ముద్ద పెట్టిందీ, పక్క మార్చిందీ కోడలే. కారు గడప దాటలేదు. ఆ ముక్క చెబితే సరిపోయేది. కానీ చెప్పాలంటే అది ముందు కొడుకులకి గుర్తుండాలి కదా!

బుధవారం సాయంత్రం కారు కింద నాలుగు ఖాళీ ఆయిలు డబ్బాలు దొర్లుతున్నాయి.

"నాలుగు సర్వీసులూ ఇవాళే చేయించేశాం వదినా" అన్నాడు అబ్బులు గర్వంగా. "కొత్త ఆయిలు పొయ్యడం, దించెయ్యడం. మళ్ళీ పొయ్యడం, మళ్ళీ దించడం. మెకానిక్ నవ్వుతూనే ఉన్నాడు, మంచి మనిషి."

"రెండేళ్ళు తినని అన్నం ఒక్కరోజులో తింటారేంటయ్యా ఎవరైనా?"

గంగరాజు చటుక్కున నోరు తెరిచాడు. "కూరేంటి వదినా?"

హైమావతి తల పట్టుకుంది. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. శుక్రవారం దాకా దేన్నీ ముట్టుకోకండి."

"ఏ కారుకైనా మగవాడి చెయ్యి తగలాలే" అన్నాడు భాస్కర్రావు. అంతకుముందు పన్నెండేళ్ళలో ఆ చెయ్యి ఆ కారుకి తగిలింది హారను దగ్గరే.

గురువారం డాక్టరమ్మ బయల్దేరే ముందు చేసింది. "రికార్డు శుభ్రంగా ఉంటే నాకింకేం అక్కర్లేదండీ."

ఇంకేముంది! పుస్తకం తెరిస్తే పేజీకో నల్ల మరక. అబ్బులు బకెట్టు తెచ్చాడు, గంగరాజు సబ్బు తెచ్చాడు, పుట్టి బుద్ధెరిగి చొక్కా ఉతుక్కోని భాస్కర్రావు పుస్తకం ఉతికాడు. పేజీ పేజీ విడదీసి మరీ రుద్దాడు. పన్నెండేళ్ళ నీలం సిరా బకెట్లోకి దిగింది. తీగ మీద ఆరేసి, క్లిప్పులు పెట్టారు. ఆరాక చూస్తే తెల్లగా మల్లెపువ్వులా ఉంది, ఒక్క అక్షరం లేదు.

"ఏం పర్లేదు, నేను రాస్తాను" అన్నాడు భాస్కర్రావు. ఒకే పెన్ను, ఒకే కూర్చోడం. ఏడాదికి పన్నెండు నెలలు, నెలాఖరున ఓ సర్వీసు. ప్రతి వరసలోనూ 'చేసినవారు: భాస్కర్రావు'. ఫిబ్రవరి ముప్పయ్యో తారీఖున కూడా సర్వీసు చేశాడు, మహానుభావుడు.

హైమావతి ఇంటికొచ్చి పుస్తకం చూసింది. మంచం మీద కూర్చుని మరకలంటిన తన వేళ్ళు చూసుకుంది.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. పుస్తకం తిరగేసింది. ఫిబ్రవరి దగ్గర ఆగింది.

"ఇవన్నీ ఎవరు చేశారు?"

"నేనేనండీ, ఆయ్" అన్నాడు భాస్కర్రావు.

"అయితే పాత ఆయిలు దించే బోల్టు ఎక్కడుందో చూపించండి."

భాస్కర్రావు డిక్కీ తెరిచాడు. అబ్బులు సీటు కింద వెతికాడు. గంగరాజు తన జేబులు తడుముకున్నాడు.

డాక్టరమ్మ పుస్తకం మూసి లేచింది. "తుక్కు ధరకి కూడా వద్దండీ నాకు."

"ఒక్క నిమిషం" అంది హైమావతి.

మంచం కింద నుంచి రెండు గోనెసంచులు ఈడ్చుకొచ్చింది. పన్నెండేళ్ళుగా విప్పిన పాత సామాను: బెల్టులు, ఫిల్టర్లు, అరిగిపోయిన బ్రేకు ప్యాడ్లు. ఒక్కోదానికీ వైరుతో కట్టిన అట్టముక్క. అట్ట మీద తేదీ, కిలోమీటర్లు, వేలిముద్ర. చేతులు కడుక్కోకముందే రాసినవి.

డాక్టరమ్మ నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని అన్నీ చూసింది. "మరి ఆ రెండేళ్ళు?"

"అత్తగారికి సేవ. కారు కదల్లేదు."

"ఎవరమ్మా ఈ పనంతా చేసింది?"

"నేనే."

బేరం కుదిరింది. "పుస్తకం కూడా ఉండుంటే ఇంకా చాలా ఇచ్చేదాన్ని" అంది డాక్టరమ్మ. షెడ్డు అడ్వాన్సుకి సరిపోయింది. కార్లు పైకెత్తే లిఫ్టు కొందామనుకున్న డబ్బు మాత్రం సబ్బునీళ్ళలో పోయింది.

కారు వీధి మలుపు తిరిగాక భాస్కర్రావు నవ్వు ఆపుకోలేకపోయాడు. చొక్కాలోంచి పుస్తకం తీశాడు.

"పిచ్చిది, సగం కారు తీసుకెళ్ళింది. ఖరీదైన సగం మన దగ్గరే ఉందిరా!"

అంతే. ముగ్గురూ పుస్తకాన్ని కారుండే చోటే పెట్టారు. కవరు కప్పారు. చక్రాలకి అడ్డంగా రాళ్ళు పెట్టినట్టు ఇటో ఇటుక, అటో ఇటుక పెట్టారు. ముందు సీటు ఎవరిదని మాత్రం అబ్బులికీ గంగరాజుకీ ఈనాటికీ తగువే.

హైమావతి ఆ సాయంత్రమే అడ్వాన్సు కట్టింది. నెల తిరక్కుండా షెడ్డు వెనకే ఓ గది తీసుకుని వేరు కాపురం పెట్టింది, ఒక్కతే.