కోతి ఇచ్చిన తేనెపట్టు

ఒక అడవిలో బూరెలు వండి అమ్ముకునే ఎలుగుబంటి ఉండేది. ఆ అడవిలో తేనెపట్టులే సొమ్ము. వాటిని ఎవరూ మోసుకు తిరగరు, అవి కొండమీద గుహలో ఉంటాయి. ఇవ్వదలచినవాడు కొండకేసి "నా పట్టు ఫలానావారికి ఇచ్చాను" అని అరవాలి. కొండమీది ఆరు తాబేళ్లు ఆ మాటను ఒకదాని తర్వాత ఒకటి బండమీద చెక్కాలి. ఆరోది ఉలి దించాకే పట్టు చేతులు మారినట్టు. తాబేళ్ల సంగతి తెలిసిందేగా, పొద్దున మొదలుపెడితే పొద్దుగూకాల్సిందే.

వానలు ముంచుకొస్తున్నాయి. ఎలుగమ్మకు ఇద్దరు పిల్లలు. ఒక్క పెద్ద పట్టు చేజిక్కితే వానాకాలమంతా వాళ్ల కడుపు గడిచిపోతుంది. అందుకే ఉన్న పిండిలో ముప్పాతిక వంతు కలిపి గంపెడు బూరెలు వండింది.

కోతి వచ్చింది. "అక్కా, గంపంతా నాకే! మా ఇంట్లో పెళ్ళి" అని, కొండకేసి గొంతు చించుకుంది. "నా పట్టు ఎలుగక్కకు ఇచ్చానూ!"

కొండ "ఇచ్చానూ... చ్చానూ... నూ..." అంది.

'ఒక్క తాబేలు కాదు, మూడు పలికాయి. ఇంకేం కావాలి?' అనుకుంది పిచ్చితల్లి. గంప ఎత్తి కోతి నెత్తిన పెట్టింది. పైగా నాలుగు బూరెలు కొసరు కూడా!

కోతి చక్కా కొండ వెనక్కి పోయింది. మొదటి తాబేలుకు అరటిపండు అందించి, "నా పట్టు మా బావకు ఇచ్చాను. ఇది ముందు చెక్కు" అంది. తాబేలు పండు నములుతూ చెక్కింది. మిగతా అయిదూ దాన్ని చూసి చెక్కాయి.

సాయంత్రం ఎలుగమ్మ రొప్పుకుంటూ కొండెక్కితే బండమీద కోతి బావ పేరుంది.

"అయ్యో, అది నాకిచ్చింది కదయ్యా!" అని లబోదిబోమంది.

"రెండు మాటలూ విన్నాం తల్లీ. పట్టు మాత్రం ఒకటే" అంది ఆరో తాబేలు.

ఎలుగమ్మ దారిపొడవునా కోతిని ఏడు తరాల వెనక్కి తిట్టింది. తన్నూ తిట్టుకుంది.

మర్నాడు మిగిలిన పిండంతా ఊడ్చి చివరి వాయి వండింది. సిగ్గులేని కోతి మళ్లీ దిగింది. "నిన్న ఏదో పొరపాటైపోయిందక్కా. ఇవాళ ఇంకో పట్టు" అని కొండకేసి అరిచింది.

ఎలుగమ్మ పీట వేసింది. "కూర్చో తమ్ముడూ."

"అదేంటక్కా, నమ్మకం లేదా?"

"బోలెడుంది. తాబేళ్ల మీద."

మధ్యాహ్నం దాటింది. కొండమీంచి ఒక్క ఉలి చప్పుడూ రాలేదు. గుహలో కోతికి ఇంకో పట్టుంటేగా! కోతి తల గోక్కుంది, తోక గోక్కుంది, చివరికి "పొయ్యిమీద పాలు పెట్టొచ్చానక్కా" అంటూ ఉడాయించింది.

బూరెలు చల్లారిపోయాయి. కొనేవాడు లేడు, వండడానికి ఇక పిండీ లేదు. పిల్లలిద్దరూ గంప చుట్టూ చేరి తల్లి మొహం కేసి చూశారు.

"తినండర్రా" అంది ఎలుగమ్మ. "కడుపులో పడ్డదాన్ని ఏ కోతీ తన బావకివ్వలేదు."

తనూ ఒకటి నోట్లో వేసుకుంది. అప్పటికే చినుకులు మొదలయ్యాయి.