నక్క కాలిలో మూతపడ్డ తలుపులు

వేములకుంట తిరునాళ్ళలో బండలాగుడు పందేనికి ఇంకా మూడు రోజులుంది. గురవయ్య కొట్టంలో మైల అనే పెద్ద ఎద్దు తాపీగా నెమరు వేస్తోంది. దాని జత కర్రికి మాత్రం మేత సహించడం లేదు. ఈసారి కూడా వెనకబడితే కర్రిని సంతలో అమ్మేస్తానని గురవయ్య పొద్దున్నే అన్నాడు మరి. ఐదేళ్ళుగా ఒకే కాడి కింద నడిచిన జత అది. విడిపోతామేమోనని కర్రి గుండె చెదిరింది.

సరిగ్గా అప్పుడే నక్క వచ్చింది. ఎవరికి కష్టమొచ్చినా దానికి ముందే వాసన తగులుతుంది. వెంట ఒక తేలుని కూడా తీసుకొచ్చింది.

"అల్లుడూ, నువ్వు అలిసిపోవడంలో నీ తప్పేం లేదు," అంది నక్క. "నీ కండల్లో తలుపులున్నాయి. బలమంతా వాటిలోంచే కారిపోతోంది. ఈ తేలమ్మ ఒక్క కాటుతో వాటిని మూసేస్తుంది. ఇక నీకు అలుపన్నదే ఉండదు."

ఇంత ఉపకారానికి బదులుగా కొమ్ముతో కోళ్ళగూటి తలుపు తీసి పెడితే చాలట. కర్రి అప్పుడే కాలు చాపింది. మైల అడ్డంగా నిలబడి, ఆ తలుపుల సంగతేమిటో చెప్పమని తేలునే అడిగింది. తేలు కుడితే కుడుతుంది గానీ, తన పని గురించి అబద్ధమాడదు.

"కండలో ప్రతి కణానికీ పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో సన్నటి తలుపులుంటాయి. కండ బిగిశాక అవి తెరుచుకుంటాయి, లోపలున్న పొటాషియం బయటికి వెళ్తుంది. అది వెళ్తేనే కండ సడలుతుంది. నా విషం ఆ తలుపులకి అడ్డం పడుతుంది."

"మరి సడలకపోతే మళ్ళీ బిగిసేదెలా?" అంది మైల.

"ఆ మాట నన్నడక్కు. నాకు మూయడమే వచ్చు, తెరవడం రాదు."

నక్క గబుక్కున మాట మార్చబోయింది. మైల వినలేదు. "మామా, మావాడు కాస్త పిరికివాడు. ముందు నువ్వు ఆ కాటు వేయించుకుని పెరటి చుట్టూ ఒక్క పరుగు తీసి చూపించు. కోళ్ళగూడు ఇవాళే తీస్తాం."

కాదంటే గుట్టు బయటపడుతుంది. పైగా కోడిపెట్టల కమ్మని వాసన వస్తోంది. తను చెప్పిన అబద్ధాన్ని తనే సగం నమ్మి నక్క వెనక కాలు చాపింది. కాటు పడింది. కాసేపటికి ఆ కాలు రోకలిలా బిగుసుకుపోయింది, వంచుదామన్నా వంగలేదు. కళ్ళంలోంచి కుక్క పరుగెత్తుకొచ్చింది. నక్క మూడు కాళ్ళ మీద కుంటుతూ, కోళ్ళన్నీ చూస్తుండగానే కంపలో పడి పారిపోయింది.

కర్రికి అప్పుడు తన పొరపాటు అర్థమైంది. పందెంలో బండ తిప్పే మలుపు దగ్గర మిగతా ఎడ్లు మెడ దించి ఒళ్ళు వదిలేస్తాయి. తను మాత్రం భయంతో అక్కడ కూడా బిగబట్టుకునే నిలబడేది. మిగిలిన రెండు రోజులూ మైల దానికి ఒకటే నేర్పింది, మలుపులో తొడలు వదిలెయ్యమని.

పందెం రోజు ప్రతి మలుపులోనూ కర్రి ఒళ్ళు వదిలేసింది. లోపలి తలుపులు వాటి పని అవి చేసుకున్నాయి. చివరి నిమిషాల్లో పెద్ద పెద్ద జతలే బండ కదపలేక నిలబడిపోతే, ఈ జత ఇంకా లాగుతూనే ఉంది. రెండో బహుమతి వచ్చింది. గురవయ్య కర్రి మెడ కావిలించుకుని, ఇక నిన్ను ఎవరికీ ఇవ్వనురా అన్నాడు.

సడలడం తెలిసిన కండకే మళ్ళీ బిగిసే బలం ఉంటుంది.