అగడ్త ఒడ్డున తిప్పతీగ

ఆ ఏడు ఎండలకు అడవిలో వాగులన్నీ ఎండిపోయాయి. నీళ్ళంటూ మిగిలింది కొండ మీది పాత కోటలో, దిగుడు బావిలో. ఆ దారి తెలిసింది కాటమన్న అనే ఎద్దు ఒక్కడికే. వయసులో ఉండగా ఆ కోటకు కట్టెల బండి లాగినవాడు. అతని వెనక చుక్కి అనే మేక బయల్దేరింది. ఇంకా వెనకగా, మెల్లగా, గంగులు అనే కుంటి గాడిద, దాని పక్కనే చుక్కి కూతురు, పాలు మరవని పిల్ల.

దారి చీలిన చోటల్లా కాటమన్న ఒక పచ్చికొమ్మ విరిచి, పోకూడని దారికి అడ్డంగా వేసి, మీద ఒక రాయి దొర్లించేవాడు. ఇటు రావద్దని అడవిలో నడిచేవాళ్ళందరికీ తెలిసిన గుర్తు అది. గంగులుకు చూపు ఆనదు కానీ, కాలికి కొమ్మ తగిలితే ఆగుతుంది.

మొదటి చీలిక దాటారో లేదో వెనక కరకరమని చప్పుడైంది. తిరిగి చూస్తే రాయి ఉంది, కొమ్మ లేదు. అది మేత కాదని, గుర్తని, వెనక వచ్చేది నీ కూతురేనని కాటమన్న ఓపిగ్గా చెప్పి మళ్ళీ కొమ్మ వేశాడు. చుక్కి బుద్ధిగా తలూపింది. రెండో చీలిక దగ్గరా అదే భాగోతం. ఈసారి చేదుకైనా ఆగుతుందని వేపకొమ్మ వేశాడు. వేపాకంటే చుక్కికి మరీ ప్రాణం. చెప్పి చెప్పి కాటమన్నకు నోరు నొప్పి పుట్టింది. వచ్చే జన్మలోనైనా మేకతో ప్రయాణం వద్దు దేవుడా అనుకున్నాడు.

మూడో చీలికే అసలైంది. కుడి దారి కోట గుమ్మానికి పోతుంది. ఎడమ దారి పొదల్లోంచి తిన్నగా అగడ్త ఒడ్డుకు తీసుకుపోతుంది. కోట చుట్టూ వెనకటి రాజులు తవ్వించిన కందకం అది. ఇప్పుడు నీళ్ళు లేవు గానీ, లోతు మాత్రం అలాగే ఉంది. కాటమన్న అక్కడ పెద్ద కొమ్మ వేసి, రెండు రాళ్ళు పెట్టి, చుక్కికి దండం పెట్టినంత పనిచేసి ముందుకు నడిచాడు.

కోట గుమ్మం కనబడే వేళకు చుక్కి వచ్చి కలుసుకుంది, నెమరు వేస్తూ.

“మళ్ళీ తిన్నావా?”

“నా అంతట నేను తినలేదన్నా. నక్క మరిది బతిమాలాడు. నీ కోసమే విరిచిపెట్టాడు వదినా, తినకపోతే పెద్దాయన చిన్నబుచ్చుకుంటాడు అన్నాడు.”

“ఆ మరిది ఇప్పుడెక్కడ?”

“ఎడమ దారిన పోయాడు. ఏదో పనుందట.”

ఆ పనేమిటో కాటమన్నకు అర్థమైంది. గుర్తు లేకపోతే గంగులూ పిల్లా ఎడమ దారినే వచ్చి అగడ్తలో పడతారు. వెనక్కి పరుగెత్తాడు, చుక్కి వెంటపడింది. అగడ్త ఒడ్డు నుంచి తొంగి చూస్తే, అడుగున నక్క పైకి చూస్తూ కూర్చుని ఉంది. అది దిగిన తిప్పతీగ గోడ వెంట వేలాడుతోంది. ఎక్కి రావడానికీ అదొక్కటే ఆధారం. ఇంతలో వెనక దారిలో పిల్ల అరుపు వినిపించింది. గద్దిస్తే నక్క పైకొచ్చి పారిపోతుంది, రేపు మళ్ళీ ఆ పిల్ల వెంటే పడుతుంది. కాటమన్న ఒక్క క్షణం ఆలోచించి చుక్కి వైపు తిరిగాడు.

“నేను గంగులుకు ఎదురెళ్ళి వస్తా. ఈ తీగను మాత్రం ముట్టుకోకు. రాత్రికి దాచుకున్నాను.”

“నేనంత తిండిపోతునా అన్నా?” అంది చుక్కి, అప్పటికే తీగ వాసన చూస్తూ.

కాటమన్న చీలిక దగ్గర గంగులునూ పిల్లనూ ఆపి, తానే కుడి దారి పట్టించి తిరిగొచ్చాడు. తీగ మొదలంటా అయిపోయింది. కింద నక్క ఎగురుతోంది, జారి పడుతోంది.

“ఒక్క రెమ్మైనా మిగల్చలేదేం వదినా?”

“ఏం చెయ్యను మరిదీ, పెద్దాయన వద్దన్నాడు. వద్దన్న ఆకు రుచే వేరు.”

నక్క అక్కడ ఎవరి కోసం కాచుకుందో కాటమన్న అప్పుడు చెప్పాడు. చుక్కి దవడలు ఆ రోజు మొదటిసారి ఆగాయి. పిల్ల వెళ్ళిన వైపు పరుగు తీసింది.

“మామా, నన్ను పైకి లాగవా?” అని నక్క ఏడ్చింది.

“వానాకాలం దాకా ఆగు. అగడ్త నిండాక ఈదుకుంటూ రా,” అని కాటమన్న నీళ్ళకు బయల్దేరాడు.

మాట వినని నోటితో వాదించి అలిసిపోయే కంటే, ఆ నోటికి తగిన పని చూపించడం మేలు.