రొద పోయింది, మాటా పోయింది

చిదంబరం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. కాకినాడలో ఆయన దగ్గర వేదాంతం చదువుకునే మాకందరికీ ఇది అనుభవమే. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి చేత మేడ మీది నీళ్ల ట్యాంకు కడిగించారు. కర్మ గురించి ఏదో అడగబోయి నేను పాత సీలింగు ఫ్యాను దింపి, విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. ఆయన ఉద్యోగమంతా పాలిటెక్నిక్‌లో రేడియో, వైర్‌లెస్ పాఠాలు చెప్పడంతోనే గడిచింది. నోటితో చెప్పింది పరీక్ష దాకానే ఉంటుందని, చేత్తో చేసింది ప్రాణం పోయేదాకా ఉంటుందని ఆయన నమ్మకం. అందుకని మాలో తెలివైనవాళ్లు ప్రశ్నలు మింగేసి ఇంటికి పోతారు. వకుళకు మాత్రం మింగడం చేతకాదు.

మా తరగతికి వకుళ పెద్ద దిక్కు. సాయంత్రం మాస్టారు చెప్పే పాఠాన్ని గదిలో చాప మీద కూర్చున్న మేమే కాక, ఎక్కడెక్కడివాళ్లో ఇళ్లలో కూర్చుని ఫోన్లలో వింటారు. ల్యాప్‌టాప్ తెరిచి పెట్టడం, వాళ్లందర్నీ కలపడం, మైకు ఆపకుండా పప్పు తాలింపు పెట్టేవాళ్లని మందలించడం అన్నీ వకుళ పనులు. మనిషి మహా శుభ్రం. ఎక్కడా ఏదీ వేలాడుతూ కనిపించకూడదు. గుమ్మం దగ్గర మేం ఎలా పడితే అలా విడిచిన చెప్పుల్ని కూడా జతలు జతలుగా సర్ది పెడుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు నా చెప్పులు నాకే కొత్తవాటిలా కనిపిస్తాయి.

వకుళది నరసరావుపేట. ఆమె తోడికోడలు శేషారత్నం అచ్చమైన కాకినాడ మనిషి. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. వకుళ కాపురానికి వచ్చిన కొత్తలో ముందు వాటాలో ఒక పొయ్యి, వెనక వాటాలో ఒక పొయ్యి ఉండేవి. కలిసి ఉంటూ రెండు చోట్ల వండుకోవడం ఏం బాగుంటుందని, వకుళే పట్టుబట్టి వెనక పొయ్యి తీయించి అందర్నీ ఒక వంటగదిలోకి చేర్చింది. ఉద్దేశం బంగారం లాంటిదే. కానీ నరసరావుపేట కారం, కాకినాడ బెల్లం ఒకే గిన్నెలోకి దిగేసరికి రోజుకొక రభస మొదలైంది. ఈవిడ వంకాయ కూరలో కారం వేసి అటు తిరిగితే ఆవిడ రుచి చూసి నీళ్లు పోసేది. ఆవిడ పులుసు దింపి ఇటు తిరిగితే ఈవిడ దాంట్లో ఇంకో నాలుగు మిరపకాయలు చీల్చి వేసేది. ఆదివారం నాడు శేషారత్నం గోంగూర పచ్చడిలో బెల్లం ముక్క వేసింది. వకుళకు కడుపులో మంటగా ఉంటోందని, పులుపు కాస్త విరుగుతుందని వేసింది. వకుళ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం పక్కకు నెట్టి లేచిపోయింది. గోంగూరలో బెల్లం వేయడం నేరమా కాదా అన్నది నేను తేల్చను. ఆ ఇంట్లో ఇద్దరి చేతివంటా తిన్నవాణ్ణి, ఇక ముందూ తినాలనుకుంటున్నవాణ్ణి.

ఆ పూట నుంచి వకుళ శేషారత్నంతో మాట మానేసింది. అక్కడితో ఆగలేదు. హాలుకు అడ్డంగా గోడ కట్టించాలని మేస్త్రీని మాట్లాడింది. ఇటుకలు వచ్చి వాకిట్లో పడ్డాయి. మర్నాడు పొద్దున్నే మేస్త్రీ వచ్చి పని మొదలుపెడతాడు. అన్నదమ్ములిద్దరూ మాత్రం ఆ ఇటుకల పక్కనే కుర్చీలు వేసుకుని, ఎప్పటిలా ఒకే పేపరు పంచుకుని చదువుకుంటున్నారు. మగవాళ్ల సంగతి అంతే.

ఆ రోజు వకుళ పాఠం వేళకంటే ముందుగా వచ్చి, మాస్టారి ఎదురుగా కూర్చుంది. మొహం చూస్తే సరిగా నిద్రపోయినట్టు లేదు. నాకు జాలేసింది.

“మాస్టారూ, మాట్లాడితే గొడవవుతోంది. మానేస్తే హాయిగా ఉంది. గోడ కట్టుకుని, ఉన్నన్నాళ్లూ ఇలాగే మాట లేకుండా ఉండిపోతే తప్పేముందండీ?” అని అడిగింది.

మౌనం గొప్పదని మాస్టారే కిందటి నెలంతా చెప్పారు. కాబట్టి ఈసారి ఆయన ఇరుక్కున్నారనుకున్నాను, కొంచెం సంబరపడ్డాను కూడా. ఆయన అంతా విని, తలాడించి, మన ల్యాప్‌టాప్‌లో ఈ మధ్య రొద వస్తోందని వినేవాళ్లంతా మొత్తుకుంటున్నారు కదా, పాఠం వేళకు ముందు అదెలాగైనా ఆపమని, ఈ సంగతి తర్వాత చూద్దామని అన్నారు. అనుకున్నట్టే పని వచ్చింది.

రొద మాట నిజమే. మాస్టారు మాట్లాడుతుంటే వెనకాల ఎవరో పెసలు వేయించుతున్నట్టు చిటపటమనేది, మధ్యలో తుమ్మెద దూరినట్టు జుయ్యిమనేది. వకుళ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పరీక్ష మొదలుపెట్టింది. మాస్టారి దగ్గర నేర్చుకున్న మనిషి కాబట్టి పద్ధతిగానే చేసింది. ఒక్కొక్కటీ ఆపి చూసింది. ఫ్యాను ఆపితే రొద పోలేదు. చార్జరు పీకితే పోలేదు. ల్యాప్‌టాప్‌కు నెట్ అందించే వైర్‌లెస్ ఆపగానే మటుమాయమైంది. మళ్లీ పెట్టగానే వచ్చి కూర్చుంది. దొంగ దొరికాడని వకుళ మొహం వెలిగింది. ల్యాప్‌టాప్ తెరకు చుట్టూ ఉండే చట్రం ఊడదీసి, వైర్‌లెస్ సంకేతాలు పంపి పట్టే యాంటెనా ఎక్కడుందో చూసింది. మంచి కోపంలో ఉందేమో, దానికి ఏ శిక్ష వేయాలో కూడా వెంటనే తోచింది. శుక్రవారం ప్రసాదానికి పులిహోర పొట్లాలు కట్టే అల్యూమినియం ఫాయిల్ చుట్ట అలమారలో ఉంది. అది తెచ్చి యాంటెనాకు ఒక చుట్టు చుట్టింది. రొద తగ్గింది. ఇంకో చుట్టు చుట్టింది. ఇంకా తగ్గింది. తగ్గుతున్న కొద్దీ ఉత్సాహం వచ్చి, పెళ్లికి బహుమతి కట్టినంత ముచ్చటగా చుట్టబెట్టేసింది. మాస్టారు వచ్చి, ఆ ఫాయిల్ లోపల వేరే దేనికైనా తగిలి మిషను కాలిపోకుండా కింద ప్లాస్టిక్ టేపు వేసిందో లేదో మాత్రం చూశారు. వేసింది. ఆయన వెళ్లి తన చోట కూర్చున్నారు.

చట్రం బిగించి మళ్లీ వింటే రొద అన్నదే లేదు. అంత నిశ్శబ్దం ఆ ల్యాప్‌టాప్‌లో ఎన్నడూ లేదని వకుళ గర్వంగా చెప్పింది. పాఠానికి ఒక్కొక్కరే వచ్చి చేరారు, మాస్టారు మొదలుపెట్టారు. కాసేపటికి వకుళ నా వైపు తిరిగి తెర చూడమని సైగ చేసింది. చూశాను. వింటున్నవాళ్ల మొహాలన్నీ బొమ్మల్లా కదలకుండా ఉన్నాయి. రోజూ అటూ ఇటూ చూసే రాజమండ్రి లాయరు గారొకాయన కూడా కన్నార్పడం లేదు. రొద పోయేసరికి ఎంత శ్రద్ధ వచ్చిందో చూడమని ఆమె ఉద్దేశం. నేనూ నిజమే అనుకున్నాను. తెర మూల చిన్న సున్నా ఒకటి గిరగిరా తిరుగుతోంది గానీ, ఏదో తిరుగుతోందిలే అని ఊరుకున్నాం.

అప్పుడు వకుళ ఫోను మోగింది. చూసి, బోర్లా పెట్టేసింది. ఆగి, మళ్లీ మోగింది. మళ్లీ బోర్లా పెట్టింది. మూడోసారి మోగేసరికి మాస్టారు పాఠం ఆపి, ఎత్తమ్మా, అన్నారు. ఎత్తింది కానీ పలకలేదు. పంతం పంతమే. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి స్పీకరు నొక్కింది, దాంతో మాట మాకందరికీ వినబడింది. అవతల శేషారత్నం. ఆవిడ కూడా రోజూ వంటింట్లో ఫోను గూట్లో నిలబెట్టుకుని మాస్టారి పాఠం వింటుందని మాకు అప్పుడే తెలిసింది. వకుళకు కూడా అప్పుడే తెలిసిందని ఆమె మొహం చూస్తే అర్థమైంది.

“వకుళా, మాస్టారి మాట ఉన్నట్టుండి ఆగిపోయిందే. ఎవరి మాటా రావట్లేదు. మాస్టారికి బానే ఉందా? నీకేం కాలేదు కదా? నువ్వు మాటాడకపోతే మాటాడకపోయావు గానీ, ఊఁ అనైనా అనవే, నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు.”

వకుళ హెడ్‌ఫోన్లు లాగేసి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఊఁ తో ఆగలేదు. ఏం కాలేదక్కా, అందరం బావున్నాం, ఈ మిషనుతోనే ఏదో తంటా వచ్చింది, అని గబగబా చెప్పేసింది. చెప్తుంటే కళ్లమ్మట నీళ్లు కారిపోయాయి. నిజం చెప్పొద్దూ, నా కళ్లూ తడిశాయి.

“హమ్మయ్య. సరే, వేగిరం బాగుచెయ్యి మరి. అలగడం తర్వాత అలుగుదువుగాని,” అని శేషారత్నం పెట్టేసింది.

మా నవ్వులు చల్లారాక వకుళ తెర దగ్గరికి వెళ్లి ఆ గిరగిరా తిరిగే సున్నాను చూసింది. సంగతి అర్థమైంది. రొదను ఆపబోయి మాటనే ఆపేసింది. ఫాయిల్ చుట్టింది మొదలు యాంటెనాకు బయటి లోకంతో సంబంధం తెగుతూ వచ్చింది. పాఠం మొదలైన కాసేపటికే కొన ఊపిరి కూడా పోయింది. మేం శ్రద్ధ అనుకున్నది ఆగిపోయిన బొమ్మలను. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే కాబోలు. ఆమె సిగ్గుపడుతూ మళ్లీ చట్రం ఊడదీసి, ఫాయిల్ అంతా విప్పి ఉండ చేసి పక్కన పడేసింది. రొద మళ్లీ మామూలుగా జుయ్యిమంది. ఈసారి మాస్టారు లేచి వచ్చి పక్కన కూర్చుని, టార్చి పట్టుకున్నారు. యాంటెనా నుంచి వచ్చే నల్లటి తీగ వెంబడి వేలు మెల్లగా జరిపి ఒకచోట ఆపారు.

అక్కడ రెండు తీగలు ఒకదానికొకటి అంటుకుని, టేపుతో బిగుతుగా చుట్టి ఉన్నాయి. ఒకటి యాంటెనాది, రెండోది మైకుది. అంత అందంగా ఎవరు చుట్టారో మాలో ఎవరూ అడగక్కర్లేకపోయింది. కిందటివారం దుమ్ము దులపడానికి విప్పినప్పుడు, ఒక తీగ కుడి అంచు నుంచి, ఇంకో తీగ ఎడమ అంచు నుంచి వెళ్తుంటే వకుళ కంటికి అది చిందరవందరగా తోచింది. రెంటినీ ఒక్కచోటికి తెచ్చి, ఆడపిల్లకు జడ అల్లినట్టు పెనవేసి, పైన టేపు వేసింది. యాంటెనా తీగ తన పని తాను చేసుకుంటుంటే దాని అలజడి పక్కనే ఉన్న మైకు తీగలో పడుతోంది. మైకు తీగ కూడా తన పని తాను చేస్తోంది, తనకు అందిన ప్రతిదాన్నీ అప్పజెప్పేస్తోంది.

వకుళ గోటితో టేపు అంచు లేపి, నెమ్మదిగా ఊడదీసింది. మెలి విప్పి, నల్ల తీగను మళ్లీ కుడి అంచున దాని గాడిలో కూర్చోబెట్టింది. మైకు తీగను ఎడమ అంచుకు పంపింది. కొత్త సామాను ఒక్కటీ వేయలేదు, ఉన్నదేదీ తీసేయలేదు. చట్రం పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. రొద లేదు. తెర మీద రాజమండ్రి లాయరు గారు ఆవులించారు. ఆయన ఆవలింత చూసి మేమంత ఆనందపడడం అదే మొదలు. కింద వరసలో ఒక చిన్న గడిలో వంటింటి గూడు, పోపుల డబ్బా, శేషారత్నం సగం మొహం కనిపించాయి. ఇన్నాళ్లుగా పేరు లేని ఆ గడిలో పోపుల డబ్బా కనిపిస్తున్నా, అది ఎవరి వంటిల్లో, రోజూ అందులోనే వండే వకుళతో సహా, మాలో ఒక్కరికీ తట్టలేదు.

పాఠం అయిపోయి అందరం లేస్తుంటే వకుళ మాత్రం కదల్లేదు. ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి, ఇంతకీ తప్పు ఏ తీగదండీ అని అడిగింది.

“రెంటిలో ఏది తీసేసినా నా మాట ఈ గది దాటదు,” అన్నారు మాస్టారు.

ఆమె మేస్త్రీ నంబరు కోసం ఫోనులో వెతుకుతూ, అయితే రేపు పొద్దున రావద్దని చెప్పేస్తాను మాస్టారూ అంది.

మాస్టారు కళ్లజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుంటూ అన్నారు:

“ఎందుకూ, రానీ. ఆ ఇటుకలతో వెనక వాటాలో ఒక పొయ్యి గట్టు లేస్తుంది.”