రేకుల షెడ్డులో ఎనిమిదో తరగతి

సన్యాసిరావు మాస్టారు ఎవరి ప్రశ్నకీ కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కారు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన రోజుల నుంచీ ఆయనది అదే పద్ధతి. అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని ఎక్కడికో బయల్దేరేవారు, లేదంటే తానే వాళ్ళ వెంట వెళ్ళేవారు. అక్కడ ఏదో ఒకటి జరిగేది. దాన్ని జవాబు అనుకోవడమూ, అనుకోకపోవడమూ అడిగినవాళ్ళ ఇష్టం. రిటైరయ్యాక కూడా పాత శిష్యులు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వస్తూనే ఉండేవారు.

గౌరీశ్వరి అలాగే వచ్చింది. ఆమెకు ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు టీచరుగా కొత్తగా ఉద్యోగమైంది. మంచినీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టింది.

"మాస్టారూ, మీరు చెప్పినవన్నీ చేశాను. ప్రాజెక్టులు ఇమ్మన్నారు, ఇచ్చాను. బజార్లో థర్మాకోలు అగ్నిపర్వతాలు కొనుక్కొచ్చి బల్లమీద పెడుతున్నారు. జట్లుగా కూర్చోబెట్టమన్నారు, కూర్చోబెట్టాను. ఒక పిల్ల రాస్తుంటే మిగతావాళ్ళు కబుర్లాడుకుంటున్నారు. డిజిటల్ బోర్డు మీద వీడియో వేస్తే సినిమా చూసినట్టు చూసి లేచిపోతున్నారు. వీళ్ళకి చదువు మీద మనసు పుట్టించడం ఎలాగండీ?"

"రేపు మీ బడికి వస్తాను" అన్నారు మాస్టారు.

ఆ ఏడాది బడులు తెరిచినా వానలు పడలేదు. ఎనిమిదో తరగతి సిమెంటు రేకుల షెడ్డులో ఉండేది. మాస్టారు లోపలికి రాగానే పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన మెడ తుడుచుకుంటూ బెంచీ చివర చోటు చేసుకుని కూర్చున్నారు.

"ఈ బడిలో మీకు బాధగా ఉన్నదేమిటి?" అని అడిగారు.

వెనక బెంచీ నుంచి రవణమ్మ అనే పిల్ల లేచింది. పాఠం అడిగితే ఏనాడూ తల ఎత్తని పిల్ల.

"ఉక్కండి. అన్నం తిన్నాక ఈ గదిలో కూకోలేం."

"మనకొక్కరికేనేటి? అన్ని గదులూ అలాగే ఉన్నాయి" అన్నాడు ముందు వరసలోని ఎర్నాయుడు.

"అన్నీ అలాగేం లేవు. మన గదే ఎక్కువ!"

మాస్టారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మీలో ఎవరి మాట నిజమో నాకు తెలియదు. మీ టీచరుకీ తెలియదు" అని లేచి, తిన్నగా బస్టాండుకు వెళ్ళిపోయారు.

గౌరీశ్వరికి ఒళ్ళు మండింది. పెద్దాయన వచ్చి దారి చూపిస్తాడనుకుంటే, పిల్లల మధ్య తగవు పెట్టి పోయాడు! పుస్తకం తెరిచి పాఠం మొదలుపెట్టింది గానీ వినేవాళ్ళు లేరు. తరగతి రెండు పక్షాలైంది. ఆమె విసిగి పుస్తకం మూసేసి, ప్రయోగశాల బీరువాలోంచి థర్మామీటర్లు తెచ్చి బల్లమీద పెట్టింది. "తేల్చుకోండి" అంది.

అది అనుకున్నంత సులువుగా తేలలేదు. ఒకే పిల్ల గదులన్నీ తిరిగి వచ్చేసరికి ఎండ మారిపోతోంది. కాబట్టి ఒకే వేళకి అన్ని గదుల్లోనూ మనుషులుండాలి. ఆమె చెప్పకుండానే జట్లు ఏర్పడ్డాయి. థర్మామీటరు పాదరసం గుండును గుప్పిట్లో పట్టి వేడెక్కించాడని ఎర్నాయుడిని సొంత జట్టువాళ్ళే తిట్టారు. థర్మామీటర్లన్నీ ఒకేలా చూపిస్తున్నాయా అని రవణమ్మకు అనుమానమొచ్చి, అన్నింటినీ ఒకే బకెట్టు నీళ్ళలో ముంచి చూసింది. ఒకటి ఎక్కువ చూపిస్తోంది. దాన్ని పక్కన పడేసి, ఆ గది లెక్కంతా మళ్ళీ మొదలుపెట్టారు. వారానికొక పీరియడు డిజిటల్ బోర్డు దగ్గరికి వెళ్ళే వంతు వచ్చినప్పుడు ఎవరూ వీడియో అడగలేదు. బోర్డు మీద వేడి లెక్కలతో గదికొక రంగు గీత గీసుకుంటూ, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ కూర్చున్నారు. తరగతి సంతలా ఉందని పక్క టీచర్లు గొణిగారు. గౌరీశ్వరి విననట్టే ఊరుకుంది.

ఆ బోర్డు ఉన్నది ఏసీ గదిలో. కంప్యూటర్లు కూడా అక్కడే. వేడికి పాడైపోతాయని హెడ్మాస్టరు జగన్నాథంగారు ఆఫీసుల చుట్టూ తిరిగి సాధించుకొచ్చిన ఏసీ అది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ గదంటే ఆయనకు ప్రాణం, అంతే. తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నారని తెలిసి, ఆ గది కడిగించి, అగ్నిపర్వతాలు బారుగా పెట్టించారు.

అధికారి వచ్చి ఆ గదిలో కుర్చీలో కూర్చున్నారు. గోడ వారన గౌరీశ్వరి, ఎనిమిదో తరగతి పిల్లలు నిలబడ్డారు. అగ్నిపర్వతాల వైపు ఓసారి చూసి, "ఈ బోర్డు పిల్లలు వాడతారా?" అని అడిగారు. జగన్నాథంగారు నోరు తెరిచేలోగా రవణమ్మ ముందుకొచ్చింది. బోర్డు మీద గీతలు వెలిగాయి.

ఆ పిల్ల ఒక్కో గీతనూ వేలితో చూపిస్తూ, ఎక్కడ ఎలా కొలిచారో, ఏ లెక్క ఎందుకు కొట్టేశారో చెప్పింది. అన్నింటికన్నా పైనున్న ఎర్రగీత రేకుల షెడ్డు. అధికారి ముందుకు వంగారు.

"మరి ఈ అడుగున ఉన్న గీత?"

"మీరు కూకున్న గదండి. మిషన్లు పాడైపోతాయని ఏసీ పెట్టారండి." గీత మీంచి వేలు తీసింది. "మేం పాడైపోమాండి?"

జగన్నాథంగారు గౌరీశ్వరి పక్కకు జరిగి, పళ్ళ బిగువున "ఆపెయ్యండమ్మా" అన్నారు. రిమోటు ఆమె చేతిలోనే ఉంది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

"ఇంకో పేజీ ఉందండి" అని, ఆ పేజీ తిప్పింది.

అధికారి షెడ్డు చూస్తానని లేచారు. లోపల కాసేపు నిలబడి, రుమాలుతో ముఖం తుడుచుకుని, "చూద్దాం" అని జీపెక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు ప్రార్థనలో ఎనిమిదో తరగతి అందరి ముందూ క్షమాపణ చెప్పాలని హెడ్మాస్టరు ఆజ్ఞ. అది పిల్లలకు చెప్పడానికి గౌరీశ్వరికి నోరు రాలేదు. చెప్పక తప్పలేదు. వాళ్ళు గుంపులు కట్టి చాలాసేపు వాదులాడుకున్నారు. ప్రార్థన ముగిశాక రవణమ్మ బయటికొచ్చింది. వెనకాలే ఎర్నాయుడు, ఆ వెనక తరగతి మొత్తం.

"సార్, లెక్క తప్పయితే సారీ చెప్తామండి. ఎక్కడ తప్పో మీరు చూపించండి."

జగన్నాథంగారి ముఖం జేవురించింది. గిరుక్కున తిరిగి ఆఫీసులోకి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం మాత్రం, ఎవరూ అనుకోకుండా, చేతిలో థర్మామీటరుతో షెడ్డులోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. తప్పు పట్టుకోవడానికే వచ్చారని ముఖం చూస్తేనే తెలుస్తోంది. పీరియడు అయ్యేదాకా లేవలేదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. థర్మామీటరును ఒకసారి, నల్లబల్ల మీద పిల్లలు రాసిన లెక్కను ఒకసారి చూసి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట ఎనిమిదో తరగతికి ఏసీ గది తలుపు తీశారు. వానలు పడేదాకా మాత్రమేనని నోటీసు అంటించారు. గౌరీశ్వరితో మాట్లాడటం మాత్రం మానేశారు.

ఆమె మళ్ళీ మాస్టారి దగ్గరికి వెళ్ళింది. ఈసారి నీళ్ళు తాగి, జరిగిందంతా చెప్పింది. ఏడో తరగతివాళ్ళు కూడా థర్మామీటర్ల కోసం వెంటపడుతున్నారని చెబుతూ నవ్వింది. అంతలోనే ముఖం ముడుచుకుంది.

"కానీ మాస్టారూ, తరగతి నా చేయి దాటిపోతోందండీ. తెల్లరంగు వేడిని తక్కువ పీలుస్తుందని నిన్న పాఠం చెప్పాను. పుస్తకంలో ఉంది కదర్రా అన్నాను. పుస్తకం ఎప్పుడైనా మన షెడ్డులో కూర్చుందా టీచర్ అంటున్నారు. రేకుల మీద సగం సున్నం వేసి, సగం వదిలేసి చూస్తారట. హెడ్మాస్టరు మాట సరే, ఇప్పుడు నేను చెప్పినా నమ్మడం లేదు."

మాస్టారు ఆమె వైపు ఆశ్చర్యంగా చూశారు.

"ఎందుకు నమ్మాలమ్మా?" అన్నారు.