ఉప్పు లేని ఆవకాయ

చింతలరేవులో పరాంకుశం గారి దగ్గర కావ్యాలు చదువుకున్నవాళ్ళందరికీ ఆయన మీద ఒకే ఫిర్యాదు ఉండేది. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. వెనక ఒకాయన శ్లేషను గురించి గట్టిగా అడిగితే పెరట్లో అరటిగెల దింపించి ఊరంతా పంచిపెట్టి రమ్మన్నారట. గెల ఎందుకు దింపానో నాకు ఇప్పటికీ తెలియదని ఆయన ముసలితనంలో కూడా చెప్పుకునేవాడు. కానీ ఆ మాట చెప్పేటప్పుడు నవ్వేవాడు.

త్రివిక్రమం ఆయన శిష్యుల్లో కొంచెం పెద్దవాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. పొరుగూరి బడిలో పంతులు. వేసవి సెలవులకు చింతలరేవు వచ్చి, గురువుగారి వీధరుగు మీద పడుకుని, తన వంట తానే చేసుకుని చదువుకునేవాడు. భార్య వకుళ పోయి మూడేళ్ళయింది. ఆమె మీద నూరు పద్యాలు రాశాడు. సభల్లో చదివాడు. విన్నవాళ్ళు తల ఆడించారు, పాపం అన్నారు, లేచి కాఫీకి వెళ్ళారు. పరాంకుశం గారు నూరూ ఓపిగ్గా చదివి, కాగితాలు మడిచి చేతికిచ్చి, “యతిప్రాసలు ఎక్కడా తప్పలేదు,” అన్నారు. అంతే. ఆ మాట అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఒకరోజు పాఠంలో విరహిణి ఘట్టం వచ్చింది. నాయిక చెలికత్తెతో కబురు పంపుతోంది: నేను సుఖంగానే ఉన్నాను, ఆయనను తొందరపడి రావద్దని చెప్పు, అని. త్రివిక్రమం పుస్తకం మూసేశాడు.

“గురువుగారూ, నాకు కోపం వస్తోంది. ఈమెకు అతను రావాలి. నోటితో మాత్రం రావద్దంటోంది. కవి దాన్నే గొప్ప చేస్తున్నాడు. నేను ఏడ్చింది ఏడ్చినట్టు రాశాను, ఒక్కరి కంట తడి లేదు. మనసులో ఉన్నది సూటిగా చెబితే తప్పేమిటండీ?”

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు.

“రేపు నీకు గున్నలంక వెళ్ళి వచ్చే వీలుందా? సూరాంబగారు అక్కడికేదో పంపాలంటున్నారు. నమ్మకమైన మనిషి కావాలట.”

సూరాంబగారిది రెండిళ్ళ అవతల పెంకుటిల్లు. అరవై దాటిన మనిషి. గోదావరి పాయకు అవతల గున్నలంకలో ఉన్న రత్తాయమ్మ ఆమె తోటికోడలు. ఇరవై రెండేళ్ళు ఒక్క పొయ్యి మీద వండుకున్నారు. ఆ తరవాత మగవాళ్ళకు తగువొచ్చి అన్నదమ్ములు వేరుపడ్డారు. తొమ్మిదేళ్ళయింది. తగువు పడ్డవాళ్ళిద్దరూ ఒకరి తరవాత ఒకరు పోయారు. మాటలు లేకపోవడం మాత్రం ఆడవాళ్ళకు మిగిలింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక చిన్న జాడీ తెచ్చి త్రివిక్రమం చేతిలో పెట్టింది. మూతికి తెల్లబట్ట కట్టి ఉంది.

“కొత్తావకాయ, పంతులుగారూ. మా రత్తాయికి ఇవ్వండి. రుచి చూడమనండి. నువ్వు లేకపోయినా ఇక్కడ ఏ లోటూ లేదు, అంతా సవ్యంగానే ఉందని చెప్పండి. ఆ మాటే చెప్పండి, అటూ ఇటూ మార్చకండి.”

త్రివిక్రమానికి ఆ కబురు నచ్చలేదు. తొమ్మిదేళ్ళకు పంపే మాట ఇదా అనుకున్నాడు. అయినా తలూపి పడవెక్కాడు.

పడవ ఊగినప్పుడు జాడీ ఒరిగి, బట్ట సందులోంచి నూనె వేళ్ళ మీదికి కారింది. వేలు నాకి చూసుకున్నాడు. మంచి ఘాటు. ఆవ, కారం, నువ్వుల నూనె అన్నీ తెలుస్తున్నాయి. మళ్ళీ నాకాడు. ఉప్పు లేదు. పొరపాటేమోనని బట్ట విప్పి చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు. లేదు, ఒక్క రవ్వ కూడా లేదు.

పాపం పెద్దావిడ, మరిచిపోయింది. మొగుడు పోయిన దగ్గర్నుంచి మనిషి పరధ్యానంగా ఉంటోందని ఊళ్ళో అంటూనే ఉన్నారు. ఇలాగే ఇస్తే అవతలావిడ నవ్విపోదూ? నాలుగు రోజుల్లో బూజు పడుతుంది కూడాను. మూడేళ్ళుగా చేయి కాల్చుకుంటున్న మనిషి, ఉప్పు పాళ్ళు అతనికి తెలుసు. అవతలి రేవులో కొట్టుదగ్గర మెత్తగా దంచిన ఉప్పు తీసుకుని, తడి లేకుండా చేయి తుడుచుకుని, కలిపి, రుచి చూశాడు. సరిగ్గా కుదిరింది. చాలా రోజుల తరవాత ఒక మంచి పని చేసినట్టు తోచింది.

రత్తాయమ్మ వాకిట్లో చాట పెట్టుకుని మినుములు చెరుగుతోంది. జాడీని దూరంనుంచే ఆనవాలు పట్టింది. చాట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

“అక్క పంపిందా? ఏమంది?”

త్రివిక్రమం పాఠం అప్పచెప్పినట్టు చెప్పాడు. నువ్వు లేకపోయినా ఇక్కడ ఏ లోటూ లేదు, అంతా సవ్యంగానే ఉంది, రుచి చూడమన్నారు.

ఆమె నవ్వు ముఖంతోనే బట్ట విప్పింది. ముక్క తీసి నోట్లో వేసుకుంది. కాసేపు నమలలేదు. తరవాత మెల్లగా నమిలింది. చూస్తూ ఉండగానే ముఖంలో వెలుగు తగ్గిపోయింది. సాయంత్రం వాకిట్లోంచి ఎండ జరిగిపోయినట్టు ఉంది ఆ ముఖం.

“కుదిరింది,” అంది. “బాగా కుదిరింది.”

లోపలికి వెళ్ళి ఆవకాయ తన గిన్నెలోకి వంచుకుని, జాడీ కడిగి, తుడిచి తెచ్చి ఇచ్చింది.

“నా అవసరం ఏమీ లేకుండానే కుదిరిందని చెప్పండి పంతులుగారూ.” మంచినీళ్ళు ఇవ్వడం కూడా మరిచిపోయి మళ్ళీ చాట ముందు కూర్చుంది.

తిరిగొచ్చేసరికి సూరాంబగారు గుమ్మంలోనే ఉంది. లోపల నవారు మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉండడం త్రివిక్రమం కంట పడింది. ఎవరో వస్తున్నట్టున్నారనుకున్నాడు.

“తిందా? ఏమంది?”

చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. కుదిరిందని ఎలా అంటుంది అని రెండుసార్లు అడిగింది.

“మీరు ఉప్పు వేయడం మరిచిపోయారమ్మా. నేను చూసి కలిపాను. కంగారు పడకండి, సరిగ్గానే పడింది.”

సూరాంబగారు ఖాళీ జాడీ తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు దాని మూతి చుట్టూ బొటనవేలితో తుడుస్తూ ఉండిపోయింది.

“ఇరవై రెండేళ్ళు మా ఇంట్లో ఆవకాయకు ఉప్పు తనే వేసింది, పంతులుగారూ. కాయ నేను కొట్టించేదాన్ని, ఆవ, కారం నేను కలిపేదాన్ని. ఉప్పు దగ్గరికొచ్చేసరికి రత్తాయీ అని కేకేసేదాన్ని. ఎక్కడున్నా వచ్చేది. వేరుపడ్డ రోజున పదిమందిలో నేనే అన్నాను, పోయేవాళ్ళను ఎవరూ పట్టుకుని ఆపడం లేదని. అన్న నోటితో రమ్మని ఎలా అనను? పిలవంది తను ఎలా వస్తుంది?” ఆమె తలెత్తి చూసింది. “మీరు మంచి మనసుతోనే చేశారు లెండి. ఎండన పడి వెళ్ళొచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండి.”

త్రివిక్రమం మజ్జిగ సగంలోనే దించేశాడు. తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాడు.

“పొద్దున్నే మళ్ళీ వెళతానండీ. మీ అక్కగారు మీ కోసం బెంగపెట్టుకున్నారు, మంచం వేసి ఎదురుచూస్తున్నారు, రండి అని విడమరిచి చెప్పేస్తాను.”

“అలా చెప్పమని ఆవిడ నీతో అన్నదా?”

“అనలేదు.”

పరాంకుశం గారు చదువుతున్న పుటలో వేలు పెట్టి అలాగే కూర్చున్నారు.

మర్నాడు పడవలో అతనొక్కడే. చేతిలో ఏమీ లేదు. గాలి లేక పడవ నిదానంగా సాగుతోంది. పడవవాడి గెడకర్ర నీటిలో దిగి లేచే చప్పుడు వింటూ కూర్చుంటే, ఎన్నాళ్ళుగానో తలచుకోని ఒక సంగతి గుర్తొచ్చింది. కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో బడి అయ్యాక స్నేహితులతో కవిత్వం మాట్లాడుకుంటూ చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. వకుళ తలుపు తీసి, “అప్పుడే వచ్చేశారేం? ఇంకాసేపు ఉండి రాకపోయారా?” అనేది. ఎంత మంచిదని మురిసిపోయాడు. ఒకరోజు నిజంగానే మరో గంట ఉండి వచ్చి, నువ్వు చెప్పినట్టే చేశానన్నాడు. “మంచిపని చేశారు,” అంది ఆమె. పీట వేసింది. వడ్డించింది. అతని కంచం పక్కన ఇంకొక కంచం ఉంది. అందులో ఏమీ లేదు. అన్నం తిన్న ఆనవాళ్ళు కూడా లేవు. తను ఆ కంచం చూశాడు. చూసి, పద్యం ఒకటి కొత్తది విను అని చదవడం మొదలుపెట్టాడు.

నూరు పద్యాలలో ఆ రెండో కంచం ఎక్కడా లేదు.

ఎండ నీళ్ళ మీద పడి కళ్ళకు కొడుతోంది. పడవవాడు ఏమనుకుంటాడోనని అతను ముఖం అవతలికి తిప్పుకున్నాడు.

రత్తాయమ్మ అతన్ని చూసి లేచి నిలబడింది. మళ్ళీ ఎందుకొచ్చాడా అన్న భయం ఆమె కళ్ళలో కనబడింది. బెంగ, మంచం, దుప్పటి, ఎదురుచూపు, రాత్రంతా కూడబెట్టుకున్న మాటలన్నీ అతని నాలుక చివరి దాకా వచ్చాయి. వాటిని మింగేశాడు.

“అమ్మా, నిన్న ఆ ఆవకాయలో ఉప్పు వేసింది నేను. దారిలో వేశాను.”

ఆమె కదలలేదు. “అక్క?”

“ఆవిడ వేయలేదు.”

“ఎంత?”

“అసలే వేయలేదమ్మా.”

రత్తాయమ్మ స్తంభానికి చేయి ఆనించుకుంది. లోపల కోడలు ఎవరు వచ్చారని కేకేసినా అతని వైపే చూస్తోంది.

“అక్క చెప్పిన మాట ఇంకొక్కసారి చెప్పండి, పంతులుగారూ.”

“నువ్వు లేకపోయినా ఇక్కడ ఏ లోటూ లేదు. అంతా సవ్యంగానే ఉంది.”

నిన్నటి మాటే. ఒక అక్షరం మారలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో త్రివిక్రమానికి తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చినట్టున్నాయి. తేరుకున్నాక మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నిన్న ఇవ్వనందుకు నొచ్చుకుంది. అప్పుడంది:

“నాకు అస్సలు తీరిక లేదని చెప్పండి. మినుములు చెరగాలి, కోడలికి నెలలు నిండుతున్నాయి, వీలుపడదని చెప్పండి. కాయలు ఇంకా చెట్టునే ఉన్నాయేమో మాత్రం కనుక్కోండి.”

ఆ కబురును అతను నీళ్ళకుండ మోసినట్టు తొణక్కుండా తెచ్చాడు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క తీయలేదు. సూరాంబగారు విని, “తీరిక లేదందా?” అని లేచి నిలబడింది. “కాయలు ఉన్నాయేమో అడిగిందా?” అంటూనే కొంగు బిగించి, కాయలు కోసే మనిషి కోసం కేక వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం పడవలో రత్తాయమ్మ వచ్చింది. రేవులో ఎదురైన సూరాంబగారు, “ఇంత ఎండలో రాకపోతే ఏం మునిగిపోయింది?” అంది. “నీకోసం వచ్చాననుకుంటున్నావేమో, కాయలు పాడుచేస్తావని వచ్చాను,” అంది రత్తాయమ్మ. ఒకరి చేతిసంచి ఒకరు లాక్కుంటూ ఇంటిదాకా నడిచారు. పక్కన నడిచిన త్రివిక్రమం ఆ దెబ్బలాట అంతా విన్నాడు. ఎవరినీ సర్దుకోమని చెప్పలేదు.

మూడు రోజులు ఆ ఇంట్లోంచి ఆవఘాటూ మాటలూ వీధిలోకి వస్తూనే ఉన్నాయి. మూడోనాడు ఆవకాయ తిరగకలిపి, రుచి చూసి, జాడీలకెత్తారు. నాలుగోనాడు రత్తాయమ్మ ప్రయాణం కట్టింది. కోడలికి నొప్పులు వచ్చే రోజులు, ఉండడానికి వీల్లేదు. తొమ్మిదేళ్ళకు మూడు రోజులు. పిల్లలు ఎక్కడివాళ్ళు అక్కడ, పొలాలు ఎవరివి వాళ్ళకు, ఇళ్ళు రెండు. ఒక్క పొయ్యి మీద వండుకున్న ఆ ఇరవై రెండేళ్ళు మళ్ళీ రావని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరూ అనలేదు.

రేవులో పడవ కదిలే ముందు రత్తాయమ్మ, “వచ్చే ఏడు ఇలాంటి కబుర్లు పంపకు, నేను రాను,” అంది.

“నీకెవరు పంపుతారే? నీ పని నువ్వు చూసుకో,” అంది సూరాంబగారు.

పడవ పాయ మలుపు దాకా వెళ్ళింది. మలుపు తిరిగింది. తాటిచెట్ల వరస వెనక్కి వెళ్ళింది. దిగబెట్టడానికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఇళ్ళకు మళ్ళారు. సూరాంబగారు నీళ్ళలోకి రెండడుగులు వేసి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని అలాగే నిలబడింది. చీర అంచు తడుస్తున్నా చూసుకోలేదు. ఎండ మండిపోతోంది.

గట్టు మీద గురువుగారి పక్కన ఉన్న త్రివిక్రమం కాసేపు ఓర్చుకున్నాడు. తరవాత ఉండబట్టలేక మెల్లగా అన్నాడు:

“ఎండదెబ్బ తగులుతుందేమో, ఆవిడను ఇంటికి రమ్మని చెప్పమంటారా? పడవ కనబడకుండా పోయి చాలాసేపయింది కదండీ.”

పరాంకుశం గారు అతని చేయి పట్టుకుని ఆపారు.

“కనబడడం లేదని నీకెవరు చెప్పారు?” అన్నారు.