గుంపు చిలక మాట్లాడదు, ఒంటి చిలక ఊరుకోదు

ముందు మీరేం చూశారో చెప్పండి. పొద్దున మన ఇళ్ళ మీదుగా పచ్చగా ఒక గుంపు ఎగిరిపోయింది కదా, చూశారా? చూడలేదంటే ఒప్పుకోను. అంత గోల చేసుకుంటూ పోతుంటే చెవులున్న వాళ్ళెవరైనా తలెత్తుతారు. సరే, చూశారు. చిలకలు. మరి ఆ గుంపులో ఒక్కటైనా "అమ్మా" అందా? "ఎవరొచ్చారు?" అందా? అనలేదు. కీ కీ కీ, అంతే.

అదే చిలక ఎవరింట్లోనో ఒంటరిగా ఉంటే? వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ పేరు పెట్టి పిలుస్తుంది. నాలుక అదే, ముక్కు అదే. గుంపులో రాని మాట ఒంటరిగా ఉంటే ఎక్కడి నుంచి వచ్చింది? "చిలకకి తెలివెక్కువ" అని తేల్చేసి లేచిపోకండి. చెట్టు మీద ఉన్నప్పుడు ఆ తెలివి లేదా? కారణం వేరే ఉంది. కూర్చోండి, చెబుతాను.

ఒకప్పుడు చిలకలు గూడు దాటితే తమ సొంత గొంతు వాడేవే కావు. ఏది వింటే అది అనేవి. మేకలా అరిచేవి. బండి చక్రంలా కిర్రుమనేవి. అత్తాకోడళ్ళ పోట్లాట వింటే చాలు, సగం అత్తలై, సగం కోడళ్ళై, కొమ్మల మీద కూర్చుని పోట్లాడుకునేవి. దారిన పోయే పెద్దమనుషులు చెట్టు కింద నిలబడి తీర్పు కూడా చెప్పేవాళ్ళు. ఆ తరవాత తలెత్తి చూసి, సిగ్గుపడి, గబగబా వెళ్ళిపోయేవాళ్ళు.

మీరు నవ్వుతున్నారు. జొన్నచేను కాసేవాళ్ళకి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

జొన్న కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా చేనుకి కాపలా ఉండాలి. నాలుగు గుంజలు పాతి, ఎత్తుగా మంచె కట్టి, దాని మీద నిలబడి వడిసెలతో రాళ్ళు విసురుతూ "హోయ్! హోయ్!" అని కేక వేయాలి. పక్క చేలో కాపలా మనిషి కూడా "హోయ్" అని బదులు కేక వేస్తాడు. ఆ కేక వినబడిందంటే అటువైపు ఒక మనిషి మేలుకుని ఉన్నాడని అర్థం. అప్పుడు ఇటువైపు మనిషి కాసేపు నడుం వాల్చవచ్చు. ఎండలో నిలబడి నిలబడి కాళ్ళు పీకేవాళ్ళకి ఆ ఒక్క కేకే ఆసరా.

చిలకలు ఆ ఆసరానే పట్టుకున్నాయి. ఒక చిలక పోయి పక్క చేను గట్టున కూర్చుని, అచ్చం మనిషి గొంతుతో "హోయ్!" అనేది. పాపం, ఇవతలి మనిషి నమ్మి నడుం వాల్చేవాడు. గుంపంతా చప్పుడు లేకుండా దిగి కంకులు ఖాళీ చేసేది. లేచి చూసేసరికి చేను నిండా చొప్పే మిగిలేది. కష్టపడినవాడి కడుపు కొట్టే పని ఎవరు చేసినా నాకు ఒళ్ళు మండుతుంది. అది చిలకైనా సరే.

గువ్వలదిన్నెలో సుంకులమ్మ అనే ముసలామె ఉండేది. ఆమెకి ఉన్నది ఒక్క చెక్క జొన్నచేను. ఆ జొన్నలు ఇంటికి వస్తే ఏడాదంతా రొట్టె ఉంటుంది. రాకపోతే పస్తే. ఆ ఏడు కంకి బలంగా పట్టింది. కానీ అరిచి అరిచి సుంకులమ్మ గొంతు పోయింది. "హోయ్" అందామని నోరు తెరిస్తే "హు" అని గాలి వచ్చేది.

పక్క చేను గిడ్డయ్య గట్టు మీద నిలబడి నవ్వాడు. "ఏం వదినా, చిలకలకి రహస్యం చెబుతున్నావా?"

"నీ గొంతూ పోతుంది లేరా. అప్పుడు నువ్వూ చెబుదువుగాని" అంది సుంకులమ్మ, ఆ గాలి గొంతుతోనే.

ఒకరోజు గాలి కాస్త గట్టిగా వీచింది. వాగు పక్క మద్దిచెట్టు తొర్రలోంచి ఒక చిట్టిచిలక జారి గడ్డిలో పడింది. ఇంకా ఈకలు సరిగా రాలేదు. సుంకులమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి గాలిని పట్టుకు తిట్టింది.

"నీకు కళ్ళు లేవా? పసిదాన్ని తోసేశావే!"

"నేను చెట్టుని పలకరించానమ్మా, అంతే!" అంది గాలి. "తొంగిచూడొద్దని వాళ్ళమ్మ చెబుతూనే ఉంది. ఇది వింటేనా? మధ్యలో నన్నంటావేం?" అంటూ జారుకుంది.

తొర్ర చాలా ఎత్తున ఉంది. ఎక్కే వయసు కాదు సుంకులమ్మది. పిల్లని కొంగులో వేసుకుని మంచె ఎక్కింది. దాని ముక్కు చూసింది, ముఖం చూసింది. ఆమెకి ఒక ఆలోచన వచ్చింది.

"గిడ్డయ్యా, దీన్ని పెంచుతానురా. 'చిలకలొచ్చాయ్' అనడం నేర్పుతా. గుంపు దిగగానే ఇదే కేక వేస్తుంది. నా గొంతుకి పని తప్పుతుంది."

"చిలకల మీదకి చిలకని కాపలా పెడతావా!" గిడ్డయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. "రేపు గాదె దగ్గర ఎలకని కూర్చోబెడతావేమో! అసలు అరచేతిలో సగం కూడా లేదు. ఇది నేర్చుకుంటుందా? ఇంట్లో ఉంచుకోవడానికి పనికొస్తుందా? అది చూడొద్దా ముందు?"

"చూస్తాను. పెంచకుండా ఎట్లా తెలుస్తుంది?"

పాలకంకి నలిపి, వేలితో దాని నోట్లో పెట్టింది. అది గింజని వదిలేసి వేలు కొరికింది. మళ్ళీ పెట్టింది. ఈసారి రెండూ కొరికింది. నాలుగు పూటలు గడిచాక మెల్లగా కొరకడం నేర్చుకుంది. ఇక ఈకలు వచ్చాయి, ముక్కుకి బలం వచ్చింది. మంచె తాళ్ళు కొరికితే మంచె ఒక పక్కకి ఒరిగింది. సుంకులమ్మ తలగుడ్డ పీలికలైంది. పొద్దు పొడవగానే గోల మొదలు. మధ్యాహ్నం గోల. పొద్దు గుంకేటప్పుడు ఇంకా పెద్ద గోల. చిలకని పెంచడమంటే బొమ్మని కొని గూట్లో పెట్టడం అనుకునేవాళ్ళున్నారే, వాళ్ళని ఒక్క పూట ఆ మంచె మీద కూర్చోబెట్టాలి!

గిడ్డయ్య చూడటానికి వస్తే అది ఎగిరి అతని చెవిపోగు పట్టుకుని వేలాడింది.

"తియ్యి వదినా! తియ్యి! చెవి ఊడుతోంది!"

"రహస్యం చెబుతోంది లేరా, విను" అంది సుంకులమ్మ తాపీగా.

కందిన చెవి రుద్దుకుంటూ గిడ్డయ్య, "ఒక పంజరం అల్లి ఇస్తా, అందులో పడెయ్" అన్నాడు.

"పొద్దంతా ఈ మంచె మీద నిలబడేదాన్ని నేను. కదలకుండా ఒకచోట ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు. నీ పంజరంలో నీ కోడిని పెట్టుకో" అంది సుంకులమ్మ.

మంచె ఎక్కినప్పుడల్లా ఆమె "చిలకలొచ్చాయ్" అని మెల్లగా అనేది, ఒక గింజ పెట్టేది, భుజం మీద ఎక్కించుకునేది. చిట్టిచిలక తల వంచి వినేది. నోట్లోనే గొణుక్కునేది. చివరికి ఒకరోజు సుంకులమ్మ వాగులో కడవ ముంచుతుండగా మంచె మీద నుంచి ఖంగున కేక వినబడింది.

"చిలకలొచ్చాయ్! చిలకలొచ్చాయ్!"

కడవ అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది సుంకులమ్మ. చేలో చిలక లేదు, ఈక లేదు. చిట్టిచిలక మాత్రం మెడ ఊపుతూ గెంతుతోంది. పసిది, తెలియక అరిచిందిలే అనుకుంది. పుల్లలు ఏరడానికి పోతే మళ్ళీ కేక. మళ్ళీ పరుగు. రొట్టె తినడానికి నీడకి పోతే మళ్ళీ కేక.

"చేనుని నువ్వు కాస్తున్నావా వదినా, నిన్ను అది కాస్తోందా?" అన్నాడు గిడ్డయ్య.

పరుగులతో సుంకులమ్మకి కాళ్ళు పట్టేశాయి. ఆ మర్నాడు ఎక్కడికీ పోలేదు. మంచె మీదే నడుం వాల్చింది. చిట్టిచిలక వచ్చి ఆమె మెడ దగ్గర ముడుచుకుని కూర్చుంది. అవతల గట్టు నుంచి "హోయ్" అని వినబడింది. అది గిడ్డయ్యో, చిలకో! ఏదైతేనేం, నా కాపలా నాకుంది అనుకుని కళ్ళు మూసింది సుంకులమ్మ.

అది గిడ్డయ్య కాదు. గుంపు దిగింది. చప్పుడు లేదు. చిట్టిచిలక అన్నీ చూస్తూనే ఉంది. ఒక్క మాట అనలేదు.

గిడ్డయ్య తన చేలోంచి గావుకేక పెట్టాక గానీ సుంకులమ్మ లేవలేదు. చేలో ఒక మూల మూలంతా ఖాళీ! ఆమె వడిసెల తిప్పింది. గుంపు లేచి మద్దిచెట్టు మీద వాలింది. ఆమె చిట్టిచిలక వైపు తిరిగింది. పోయిన గొంతు కూడా కోపంతో తిరిగి వచ్చింది.

"ఎందుకు అరవలేదే? ఊరికే ఉన్నప్పుడల్లా అరిచావు! నా ఏడాది కూడు పోతుంటే నోరు రాలేదా?"

చిట్టిచిలక బిత్తరపోయింది. "నువ్వు పక్కనే ఉన్నావుగా అవ్వా!"

"ఉంటే?"

"ఆ మాట నిన్ను పిలవడానికే కదా? అది అంటే నువ్వు వస్తావు. నువ్వు ఇక్కడే ఉంటే ఇంక ఎవర్ని పిలవాలి?"

అది నేర్చుకోలేదని ఎవరనగలరు? బాగానే నేర్చుకుంది. కాకపోతే సుంకులమ్మ చేనుని కాసే మాట నేర్పానని అనుకుంది, అది మనిషిని పిలిచే మాట నేర్చుకుంది.

చెట్టు మీద ఒక చిలక నోట్లో గింజ జారిపోయింది. "అది నా పిల్ల!" అంటూ ఎగిరొచ్చి మంచె గుంజ మీద వాలింది. "ఎన్నిసార్లు పిలిచానే! మేకలా పిలిచాను, బండిలా పిలిచాను, హోయ్ అని కూడా పిలిచాను!"

"మేక అరిస్తే మేకే అనుకున్నా. బండి అరిస్తే బండే అనుకున్నా. నువ్వని నాకేం తెలుసు?" అంది చిట్టిచిలక. "నువ్వు నీలా పిలవలేదుగా!"

తల్లి చిలక తెల్లబోయింది. తనలా అంటే ఎలా? గుర్తు తెచ్చుకుంది, మెడ చాచింది, నోరు తెరిచింది.

"కీ!"

బొంగురుగా, కఠోరంగా, గట్టిగా వచ్చింది. గిడ్డయ్య చెవులు మూసుకున్నాడు. చిట్టిచిలక మాత్రం ఎగిరి గంతేసింది. "ఇదే! గుడ్డులో ఉన్నప్పుడు విన్నది ఇదే!"

గుంపుకి పెద్దదైన ముసలి చిలక ఇదంతా చూసింది. "సిగ్గుచేటు! అందరి గొంతులూ మన దగ్గరే ఉన్నాయి. మన పిల్లకి మాత్రం మన గొంతు తెలియలేదు" అంది. "ఇవాళ్టి నుంచి గుంపులో ఒక్కటే గొంతు, మనది. ఎగిరినంతసేపూ కీ కీ అంటూనే ఎగరాలి. ఏ పిల్లా తప్పిపోకూడదు."

సుంకులమ్మ కళ్ళు మెరిశాయి. "ఏమన్నావ్? కూస్తూ ఎగురుతారా? వచ్చేటప్పుడు కూడానా?"

"వచ్చేటప్పుడు కూడా."

"విన్నావుట్రా గిడ్డయ్యా!"

"దొంగలు డప్పు కొట్టుకుంటూ వస్తారట వదినా!" గిడ్డయ్య గట్టు మీద కూలబడి నవ్వాడు. "ఇంక హాయిగా పడుకో, వాళ్ళే లేపుతారు!"

ముసలి చిలకకి తను ఏం ఒప్పుకుందో అప్పుడు అర్థమైంది. కానీ మాట అనేసింది. మిగిలిన చేను సుంకులమ్మకి దక్కినట్టే.

చిట్టిచిలక మాత్రం కదల్లేదు. "అవ్వా, నేను నీ ఇంట్లో ఉండటానికి పనికొస్తానా, రానా?" అని అడిగింది.

"కొరుకుతావు. గోల చేస్తావు. అవి పడతాను. నేర్పితే నేర్చుకుంటావు, అదీ చూశాను" అంది సుంకులమ్మ. "కానీ కోత అయ్యాక ఈ మంచె విప్పేస్తాను. పొద్దున కూలికి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. నువ్వు పిలుస్తావు, నేను పలకను. అప్పుడేం చేస్తావు?"

"మళ్ళీ పిలుస్తాను."

"అప్పుడూ పలకకపోతే?"

చిట్టిచిలక తల పక్కకి వంచి ఆలోచించింది. "ఇంకా అచ్చం మనిషిలా పిలుస్తాను."

సుంకులమ్మకి ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. భుజం మీద నుంచి దాన్ని తీసి, ఒక కంకి విరిచి ముక్కుకి అందించి, చెయ్యి పైకెత్తింది. "పో. నువ్వు పనికొస్తావు తల్లీ. నేనే పనికిరాను."

అది తల్లి పక్కన చేరి ఎగిరింది. ఎగురుతూనే ముసలి చిలకని అడిగింది, "ఎప్పుడైనా నేను మళ్ళీ ఎక్కడో ఒంటరిగా పడితే?"

"అక్కడ ఎవరుంటే వాళ్ళ మాట నేర్చుకో" అంది ముసలి చిలక. "నేర్చుకుని, వాళ్ళు పలికేదాకా పిలువు."

ఒక మూల తప్ప మిగతా జొన్నంతా ఇంటికి చేరింది. సుంకులమ్మ కాల్చిన మొదటి రొట్టెలో సగం గిడ్డయ్యే తిన్నాడు.

అప్పటినుంచే చిలకల గుంపు దారి పొడవునా కీ కీ అని గోల చేసుకుంటూ ఎగురుతుంది. గుంపులో ఉన్న చిలకకి మన మాటతో పనే లేదు. ఒంటరిగా మన మధ్య పడిన చిలక మాత్రం మన మాటలు నేర్చుకుంటుంది. అది నేర్చుకుంటుందా అని నన్ను అడగకండి, నేర్చుకుంటుంది. మరి అది మీ ఇంట్లో కూర్చుని పొద్దంతా మీ మాటలతోనే మిమ్మల్ని పిలుస్తూ ఉంటే, పలికేది ఎవరు?